సన్యాసిరావు గారి మెట్ల ఫోటో

దెయ్యాలు, ఆత్మలు అని ఎవరన్నా మొదలుపెడితే లేచి అవతలికి పోయే రకం నేను. వాదించను కూడా. విసుగు. జంషెడ్‌పూర్‌లో ఒక ఆసుపత్రి ఎక్స్‌రే విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను. అందులో మొదటి సగం డార్క్‌రూమ్‌లోనే గడిచింది. తలుపు బిగించుకుని, ఎర్రదీపం కింద, మనుషుల పక్కటెముకలూ పుర్రెలూ మందునీళ్లలో నెమ్మదిగా తేలుతుంటే చూడటమే నా పని. కొత్తగా వచ్చిన నర్సులు ఆ గదిలోకి రావడానికి జంకేవారు. నాకైతే అది మా ఇంటి వంటగదిలాగే ఉండేది.

ఫిల్ము మీద ఉన్నది ఉంటుంది, లేనిది ఉండదు. నేను నమ్మింది అదొక్కటే. ఊపిరితిత్తి మీద మచ్చ ఉంటే డాక్టరు చూసినా మచ్చే, వార్డుబాయ్ చూసినా మచ్చే. దాని అర్థం చెప్పడంలో తేడాలుండొచ్చు గానీ, ఒకరికి కనిపించి ఒకరికి కనిపించకపోవడం అనేది ఉండదు.

ఈ మాట అంత గట్టిగా ఇప్పుడు అనలేకపోతున్నాను. ఎందుకో చెబుతాను. ఇందులో నేను కలిపింది ఏమీ లేదు. కలపాలన్నా, ఏం కలిపితే దీనికి ఒక అర్థం వస్తుందో నాకు తెలియదు.

ఎనభైల మొదట్లో సంగతి. మాకు పెళ్లయి ఇంకా ఎంతో కాలం కాలేదు. సీతారాండేరాలో అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. మావాళ్లది టెక్కలి వైపు. మా నాన్న రైల్వే ఉద్యోగం మీద ఈ ఊరి స్టేషన్ టాటానగర్‌కి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నా భార్య సుశీల టెల్కో కాలనీలో పుట్టి పెరిగిన మనిషి. తెలుగు మాట్లాడుతూనే మధ్యలో తెలియకుండా హిందీలోకి జారిపోయేది.

ఒకరోజు మధ్యాహ్నం ఛాతీ ఎక్స్‌రే కోసం ఒక పెద్దావిడ వచ్చింది. పేరు పైడమ్మ. ఎడతెగని దగ్గు. చీటీ మీద బాగ్‌బేరా రైల్వే కాలనీ పక్క చిరునామా ఉంది. చూపు సరిగా లేదని నడకలోనే తెలిసిపోతోంది. గోడను తడుముకుంటూ వచ్చింది. తోడు ఎవరూ లేరు. ఎక్స్‌రే తీశాక, ఫిల్ము కడిగేదాకా బయట బల్ల మీద కూర్చోమన్నాను.

కడగడం అయ్యాక డార్క్‌రూమ్ తలుపు తీసుకుని బయటికి వచ్చానో లేదో, ఆవిడ బల్ల మీంచి లేచి నిలబడింది. గాలి గట్టిగా పీల్చింది.

"ఇది హైపో వాసన కదా బాబూ?"

హైపో అంటే ఫిల్ము మీద వచ్చిన బొమ్మ చెదిరిపోకుండా నిలబెట్టే మందు. ఒకరకమైన పుల్లని వాసన. ఎక్స్‌రేకి వచ్చేవాళ్లు ముక్కు మూసుకుంటారు గానీ, దాని పేరు చెప్పినవాళ్లు అంతవరకు లేరు. మీకెలా తెలుసని అడిగాను.

"మా ఆయన సేతులకి ఇదే వాసన. సచ్చిపోయిన రోజు దాకా ఇదే," అంది.

అలా తెలిసింది నాకు సన్యాసిరావు గారి గురించి. రైల్వే లోకో షెడ్డులో ఇంజిన్లు బాగుచేసే ఫిట్టరుగా పనిచేసేవాడట. డ్యూటీ దిగాక మెడలో కెమెరా వేసుకుని యార్డు వెంబడి, నది ఒడ్డున తిరిగేవాడు. పెళ్లిళ్లకి, ముఖాలకి ఫోటోలు తీసేవాడు కాదు. ఎవరన్నా అడిగితే స్టూడియోకి పొమ్మనేవాడు. ఆయన తీసిన బొమ్మలు కలకత్తాలో గోడలకి పెట్టేవారని, అక్కణ్ణించి మెచ్చుకుంటూ కాగితాలు కూడా వచ్చేవని పైడమ్మ చెప్పింది. తర్వాత తర్వాత పంపడం మానేశాడు. ఆయన పోయి అప్పటికి చాలా ఏళ్లయింది. కలకత్తాలో సరే, బాగ్‌బేరాలోనే ఆయన పేరు తెలిసినవాళ్లు లేరు.

ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. ఎందుకు వెళ్లానంటే ఫిల్ముల మధ్య బతికేవాణ్ణి, కుతూహలం. ఒక గది, వెనక చిన్న పెరడు. మంచం కింద నుంచి రెండు పెద్ద బిస్కెట్ డబ్బాలు లాగింది. నిండా నెగటివ్‌లు. పాత పేపరు ముక్కల్లో చుట్టిపెట్టి ఉన్నాయి. కాగితం మీద వేసిన ఫోటోలన్నీ ఎప్పుడో చెదలు తినేశాయి. మిగిలినవి ఇవే.

పైడమ్మకి కావలసింది ఒకే ఒక్క ఫోటో. వాళ్లకి ఒక కూతురుండేది. పేరు సత్యవతి, ఇంట్లో సత్తి అనేవారు. ఆరో ఏట జ్వరమొచ్చి పోయింది. ఆ తర్వాత వాళ్లకి పిల్లలు లేరు. ఆ పిల్ల ఫోటో ఒక్కటి కూడా లేదు. పిల్లల్ని ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని పైడమ్మ అత్తగారు పట్టుబట్టిందట. పైడమ్మ కూడా అదే నమ్మింది. తియ్యనని ఆయన చేత ఒట్టు వేయించుకుంది.

"ఆయన సచ్చిపోయేముందు సెప్పినాడు బాబూ. ఒక్కటున్నాది పైడీ, మన గుంట, మన సత్తి ఉన్న బొమ్మ ఒక్కటున్నాది, సూపిత్తాను అన్నాడు. సూపించకుండానే ఎలిపోనాడు."

ఆవిడ కళ్లకి నీటికాసులు, అంటే గ్లకోమా. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది కూడా ఎంతో కాలం నిలవదని డాక్టరు చెప్పేశాడు. మంచి ఎండలో, కుడికన్ను చివర నుంచి, దగ్గరగా పెట్టుకుంటే ఇంకా కొంచెం కనిపిస్తోంది. అది కూడా పోయేలోగా కూతురి ముఖం ఒకసారి చూడాలి. ఇరవై ఏళ్లు దాటిపోయాయి. ముఖం మరిచిపోతున్నానని చెప్పడానికి కూడా ఆవిడకి సిగ్గుగా ఉంది. గొంతు తగ్గించి చెప్పింది.

ఆసుపత్రి డార్క్‌రూమ్‌లో సొంత పని చేసుకోకూడదు. జుగ్సలాయిలో ఘోష్ బాబు అనే బెంగాలీ ఆయన స్టూడియో ఉండేది. కెమికల్స్ విషయంలో మా ఇద్దరికీ పరిచయం. ఆదివారాలు తన డార్క్‌రూమ్ వాడుకోమన్నాడు. మొదటి ఆదివారం నన్ను వదిలేసి తన పని తాను చూసుకున్నాడు. రెండో ఆదివారం నుంచి షాపు షట్టరు సగం దించి నా పక్కనే నిలబడటం మొదలుపెట్టాడు.

ఆ ఫోటోలు అలాంటివి. పొగమంచులో యార్డు పక్క బొగ్గు ఏరుతున్న ఆడవాళ్లు, వంగిన వీపులు తప్ప ఏమీ కనిపించవు. ఇంజిను ముందుభాగం తెరిచి మసి గోకుతున్న మనిషి, అతని చుట్టూ ఆవిరి. వాననీటి గుంటలో తలకిందులుగా ఒక సిగ్నల్. సువర్ణరేఖ నది ఇసుకలో ఆరేసిన తెల్ల దుప్పట్లు, వాటి నడుమ నడిచిపోతున్న కుక్క. రోజూ కళ్ల ముందు ఉండేవే. అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదనిపించింది.

ఘోష్ బాబు ఒక ప్రింటుని వెలుతురులోకి తీసుకెళ్లి చూశాడు. కుర్రతనంలో కలకత్తాలో ఒక ప్రదర్శనకి వెళ్తే, అక్కడ ఒక ఫోటో కింద ఎస్. రావు, టాటానగర్ అని రాసి ఉందట. రాయ్ అనబోయి రావు అని తప్పు అచ్చు వేశారనుకుని, ఎవరో బెంగాలీ అని అన్నేళ్లూ భ్రమపడ్డాడు. "ఇత్నే సాల్ యహీఁ థా," అన్నాడు నెమ్మదిగా. ఇన్నేళ్లూ ఇక్కడే ఉన్నాడా అని.

కానీ సత్తి ఎక్కడా లేదు. వారాలు గడిచాయి. రెండు డబ్బాలూ ఖాళీ అవుతున్నాయి. పిల్లలున్న ఫోటోలే లేవు. ఆయన ఒట్టు నిలబెట్టుకున్నాడు, పోయేముందు పెళ్లాన్ని ఓదార్చడానికి ఏదో అన్నాడు అనుకున్నాను. ఆ మాట ఆవిడకి ఎలా చెప్పాలా అన్నదే నా బాధ.

చివర్లో వచ్చిన వాటిలో ఒకటి మెట్ల ఫోటో. రైల్వే ఓవర్‌బ్రిడ్జి మెట్లు, కింది నుంచి తీసినవి. తెల్లవారుజాము మంచు. కింద ఇంజిను వెళ్తున్నట్టుంది, ఆవిరి మెట్ల మీదికి పాకింది. పైన ఒక దీపం మసకగా. మెట్ల మీద ఎవరూ లేరు. ఘోష్ బాబు తల అడ్డంగా ఊపాడు. బొమ్మ బరువంతా కుడివైపు ఖాళీ చోటుకి ఒరిగిపోయింది, ఈ మనిషి ఇలాంటి తప్పు చెయ్యడే అన్నాడు. అయినా ప్రింటు వేశాను. ఆ రోజు కొత్త కాగితం అయిపోతే, ఘోష్ బాబు అలమారలో ఉన్న పాత ప్యాకెట్టులోంచి ఒకటి తీసి వాడాను. ఇది గుర్తుపెట్టుకుని చెబుతున్నాను, ఎవరికైనా పనికొస్తుందేమో అని.

ప్రింట్లన్నీ ఒక కట్టగా తీసుకుని పైడమ్మ ఇంటికి వెళ్లాను. ఎండ బాగా కాస్తోంది. పెరట్లో పీట వేసుకుని కూర్చుంది. నేను ఒక్కొక్కటే ఇస్తున్నాను. ముఖానికి ఆనించినంత దగ్గరగా పెట్టుకుని, తల పక్కకి తిప్పి, కంటి చివర నుంచి చూసేది. ఇది ఫలానా చోటు, ఆ రోజు అన్నం తినకుండా వెళ్లిపోయినాడు అంటూ కొన్నింటికి కబుర్లు చెప్పింది. సత్తి బొమ్మ లేదని ఎప్పుడు చెప్పాలా అని నేను లోపల సతమతమవుతున్నాను.

మెట్ల ఫోటో దగ్గర ఆగిపోయింది. ఏడవలేదు, అరవలేదు. ఫోటోని ఎండవైపు తిప్పుకుంది. తర్వాత వేలు పెట్టింది.

"ఇదిగో. మూడో మెట్టు. గౌను పొడుగయిపోనాది సూడు. దీపావళికి కొన్నాం, పెరుగుతాది కదా అని. సెవి మీద సెయ్యెట్టుకున్నాది. ఇంజిను కూతంటే బెదురు దానికి."

నేను ఆవిడ వేలు పక్కగా వంగి చూశాను. తడిసిన మెట్టు, ఆవిరి. అంతకంటే ఏమీ లేదు. సగం చూపు, ఇన్నేళ్ల ఆశ. ఏదో నీడని పిల్ల అనుకుంటోంది. అనుకోనీ అనుకున్నాను. నిజం చెప్పాలంటే నాకు బరువు దిగినట్టయింది. బొమ్మ లేదని చెప్పాల్సిన పని నాకు తప్పింది.

అప్పటికే ఘోష్ బాబు, నేను కలిసి ఒక ఆలోచన చేశాం. ఉగాదికి తెలుగువాళ్ల సంఘం హాల్లో కార్యక్రమం ఉంటుంది. ఆ రోజు ఈ ఫోటోలు గోడలకి పెడదామని. పైడమ్మ ఒప్పుకుంది. ఆయన పేరు నలుగురికీ తెలియాలంది. మెట్ల ఫోటో ఇవ్వడానికి మాత్రం చేతులు రాలేదు. అట్టకి అతికించి, ఉగాది అవగానే తెచ్చి ఇస్తానని మాటిచ్చి తీసుకున్నాను.

ఇంటికి తెచ్చి, వంకర పోకుండా పుస్తకాల కింద పెట్టాను. సుశీల అప్పుడు ఊళ్లో లేదు. ఖరగ్‌పూర్‌లో వాళ్లక్క పురిటికి వెళ్లి నెల దాటింది. ఈ ఫోటోల గోల తనకి తెలియదు. ఉత్తరంలో కూడా రాయలేదు. మర్నాడు సాయంత్రం వచ్చింది. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి బల్ల సర్దుతోంది. పుస్తకాలు తీసి ఫోటో చేత్తో పట్టుకుని ఉంది.

"ఈ పాప ఎవులండీ?" అని అడిగింది. "చెవి మూసుకుని నించున్నాది, బిచారీ, పాపం."

ఏ పాప అన్నాను. నా వంక వింతగా చూసింది. హాస్యమాడుతున్నాననుకుంది. ఎక్కడో చూపించమన్నాను. వేలు పెట్టింది. మూడో మెట్టు, కుడివైపు, పైడమ్మ పెట్టిన చోటే.

ఆ సాయంత్రం తనని నానా ప్రశ్నలూ వేశాను. పైడమ్మ ఎవరో తెలుసా, బాగ్‌బేరా వైపు ఎప్పుడన్నా వెళ్లావా, ఎవరన్నా ఏమన్నా చెప్పారా. దేనికీ ఔనని రాలేదు. చివరికి కోపం వచ్చింది తనకి. మీకు కనిపించట్లేదా అని నన్ను తిరిగి అడిగింది. లేదన్నాను. ఇద్దరం ఆ ఫోటో బల్ల మీద పెట్టుకుని, ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూ కూర్చున్నాం.

మర్నాటి నుంచి నాకు తెలిసిన పద్ధతులన్నీ చేశాను. ప్రింటు మీద భూతద్దం పెట్టి మెట్టు మెట్టూ వెతికాను. నెగటివ్‌ని ఆసుపత్రికి తీసుకెళ్లి, ఎక్స్‌రేలు చూసే వెలుగుపెట్టె మీద పెట్టాను. అక్కడ మెట్టు ఉంది, ఆవిరి ఉంది. మరకైనా, గీతైనా లేదు. ఆదివారం అదే నెగటివ్‌తో కొత్త కాగితం మీద ఇంకో ప్రింటు వేసి, ఏమీ చెప్పకుండా సుశీల ముందు పెట్టాను. ఇందులో పాప లేదే అంది. పాత ప్యాకెట్టులో మిగిలిన కాగితం మీద మూడోది వేశాను. అందులోనూ లేదంది. మొదటిది చూపిస్తే, ఉంది అంది.

ఘోష్ బాబుకి మొదటిదాంట్లో కూడా ఏమీ కనిపించలేదు. పాత కాగితం, మందు సరిగా కడగకపోతే రంగు మారుతుంది, కొందరి కళ్లకి ఏదో ఆకారంలా తోస్తుంది అన్నాడు. అయుండొచ్చు. కానీ రంగు మారింది నాకు కూడా కనిపించాలి కదా. నాకు ఆ మారిన రంగే కనిపించదు.

ఉగాదినాడు హాల్లో ఫోటోలు పెట్టాం. మెట్ల ఫోటో మధ్యలో కాకుండా ఒక మూల పెట్టాను. కింద ఏమీ రాయలేదు. ఎవరితోనూ ఏమీ చెప్పొద్దని సుశీలకి మరీ మరీ చెప్పాను. నేను దానికి దగ్గరగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. జనం బాగానే వచ్చారు. చాలామంది పచ్చడి తిని, రెండు ఫోటోలు చూసి కబుర్లలో పడ్డారు. మెట్ల ఫోటో ముందు ఆగినవాళ్లు తక్కువ. ఆగినవాళ్లలో ఎక్కువమంది ఏమీ అనలేదు.

మహాంతి గారు అని ఒక ఒరియా పెద్దమనిషి వచ్చాడు. రిటైరైన రైల్వే గార్డు. వాల్తేరులో చాలాకాలం ఉండటం వల్ల తెలుగు వచ్చు. తెలిసినవాళ్లతో వచ్చాడు. ప్రతి ఫోటో ముందూ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి చూశాడు. మూల ఫోటో దగ్గర నా పక్కనే ఆగి, తనలో తాను అనుకున్నట్టు అన్నాడు.

"ఆ పిల్లని అక్కడ నిలబెట్టాడు చూడండి. అదే గొప్ప. ఆ పిల్ల లేకపోతే ఇవి వట్టి మెట్లు."

నేను కుర్చీలోంచి లేచాను. ఎక్కడండీ అని అడిగాను. నా కళ్లజోడు వంక జాలిగా చూసి, వేలు పెట్టాడు. అదే మెట్టు.

ఆయన సన్యాసిరావు గారిని ఎరుగుదురా అని విచారించాను. లేదు. ఆయన టాటానగర్‌కి బదిలీ మీద వచ్చేసరికే సన్యాసిరావు గారు పోయారు. ఆ సాయంత్రం ఇంకో ఇద్దరు ఆడవాళ్లు, తల్లీకూతుళ్లు, ఆ ఫోటో ముందు ఆగారు. తల్లి ఏదో చూపిస్తోంది, కూతురు కనిపించట్లేదంటోంది. ఇద్దరూ వాదించుకుంటూ వెళ్లిపోయారు. వాళ్లని ఆపి అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ ప్రదర్శన వల్ల మంచే జరిగింది. ఘోష్ బాబు రాసిన కబురు మీద కలకత్తా నుంచి ఫోటోగ్రఫీ తెలిసిన ఒకాయన వచ్చి, అన్నీ చూసి, కొన్నింటిని అక్కడ పెట్టడానికి ఎంచుకున్నాడు. బొగ్గు ఏరే ఆడవాళ్లు, సిగ్నల్, దుప్పట్ల నడుమ కుక్క. మెట్ల ఫోటో చేతిలోకి తీసుకుని, ఖాళీగా ఉంది అని పక్కన పెట్టేశాడు. నాకు ఎంత ఊరటగా అనిపించిందో. నాలాంటి కళ్లే ఇంకొకరికి ఉన్నాయని. అదే నిమిషంలో, ఆయనకి ఎందుకు కనిపించలేదని చిరాకు కూడా వేసింది.

కలకత్తాలో సన్యాసిరావు గారి పేరు ఈసారి పూర్తిగా అచ్చయింది. ఆ కాగితం తీసుకెళ్లి పైడమ్మకి చదివి వినిపించాను. అప్పటికి ఆవిడకి ఎండలో కూడా చూపు లేదు. కాగితం మీద ఆయన పేరు ఎక్కడుందో తన వేలు పట్టుకుని పెట్టమంది. పెట్టాను. అక్కడే వేలు ఉంచుకుని కూర్చుంది.

మెట్ల ఫోటో నేను తిరిగి ఇచ్చాక ఆవిడ మంచం పక్క గోడకే ఉండేది. ఎవరు వచ్చినా సత్తి ఎలాగున్నాదని అడిగేది. ఇరుగుపొరుగువాళ్లు బాగుందమ్మా అనేవారు. వాళ్లకి కనిపించి అనేవారో, ఊరికే అనేవారో తెలియదు. నన్ను మాత్రం ఎప్పుడూ అడగలేదు. నాకు కనిపించదని నేను ఆవిడకి చెప్పలేదు. ఒకరోజు తనే అంది.

"నీకు అగుపించదు కదా బాబూ?"

అగుపించదు మామ్మా, నా భార్యకి అగుపిస్తుంది అన్నాను. ఇక దాచి ప్రయోజనం లేదు.

"పోన్లే. అందుకని నువ్వు బెంగెట్టుకోకు. దాన్ని ఇంటికి తెచ్చినోడివి నువ్వే కదేటి," అని నా చెయ్యి వెతికి పట్టుకుంది. ఆ చేతిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

ఆ చలికాలంలో దగ్గు ముదిరి పైడమ్మ చనిపోయింది. పలాస నుంచి ఆవిడ తమ్ముడి కొడుకు వచ్చి కర్మలు జరిపించాడు. వెళ్లేముందు ఫోటో మా ఇంటికి తెచ్చి సుశీల చేతికి ఇచ్చాడు. "కనిపించే మనిషి ఇంట్లో ఉండాల అని అత్త సెప్పినాదండి," అన్నాడు. ఆ మాటకి అర్థమేమిటని మమ్మల్నే అడిగాడు.

ఫోటో ఇంట్లో ఉంటే నాకు నిద్ర పట్టేది కాదు. భయం కాదు. ఒక ఇంట్లో ఇద్దరు మనుషులం, ఒకే బొమ్మ, ఒకరికి ఉంది, ఒకరికి లేదు. ఇది తేలాలి. ఒక సెలవు రోజు ఫోటో మీద ట్రేసింగ్ కాగితం పెట్టి, నీకు కనిపిస్తున్నది పెన్సిలుతో గీసివ్వమని సుశీలని అడిగాను. మొదట ఒప్పుకోలేదు. తర్వాత కిటికీ దగ్గర కూర్చుని నెమ్మదిగా గీసింది. తనకి బొమ్మలు వెయ్యడం రాదు. అయినా గీత తడబడలేదు. కాగితం ఎత్తి చూస్తే పొడుగు గౌను, సన్నటి కాళ్లు, చిన్న తల, ఒక చెయ్యి చెవి మీద. సత్తిని నేను చూడటం అదే మొదటిసారి. ఫోటో మీదికి చూపు తిప్పితే, మళ్లీ మెట్లే.

కొన్నాళ్లకి మహాంతి గారు బజారులో కనిపిస్తే టీకి పిలిచాను. సుశీల గీసిన కాగితం బీరువాలో పెట్టేశాను. దాని గురించి గానీ, పిల్ల చెవి మీద చెయ్యి గురించి గానీ ఆయనతో ఎన్నడూ అనలేదు. ఇంకో ట్రేసింగ్ కాగితం ఇచ్చి, ఆ పిల్లని గీసిపెట్టమన్నాను. ముసలాయన నవ్వి, కళ్లజోడు తుడుచుకుని, చిన్నపిల్లాడిలా శ్రద్ధగా గీశాడు.

ఆయన గీసిన పిల్లకి రెండు చేతులూ కిందికి ఉన్నాయి.

చెవి మీద చెయ్యి లేదా అని అడిగాను. ఆయన మళ్లీ ఫోటో చూశాడు.

"లేదే. బండి వెళ్లిపోయింది కదా," అన్నాడు, అదేం పెద్ద విషయం అన్నట్టు. టీ తాగి వెళ్లిపోయాడు.

సుశీల వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఫోటో తన ముందు పట్టుకుని, చెయ్యి ఎక్కడుందో చెప్పమన్నాను. చూసింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. "నేను గీసిననాడు చెవి మీదే ఉన్నాదండి. ఇప్పుడు నన్నడక్కండి," అని లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి ఈ రోజు వరకు ఆ ఫోటో గురించి తను ఒక్క మాట మాట్లాడలేదు. నేను అడగడం మానేశాను.

మర్నాడు రెండు కాగితాలూ ఆసుపత్రికి తీసుకెళ్లాను. అందరూ భోజనాలకి వెళ్లాక, వెలుగుపెట్టె మీద ఒకదాని మీద ఒకటి పెట్టి దీపం వేశాను. ఒకటి ఇంటర్ చదివిన ఆడమనిషి గీసింది. ఇంకొకటి చెయ్యి వణికే ముసలాయన గీసింది. ఇద్దరూ ఎన్నడూ దీని గురించి మాట్లాడుకోలేదు. తల, భుజాలు, గౌను అంచు, కాళ్లు, నిలబడిన చోటు, గీతకి గీత కలిసిపోయాయి. చెయ్యి ఒక్కటే రెండు చోట్ల ఉంది.

అలాంటివి నేను రోజూ చూస్తుండేవాణ్ణి. ఒకే రోగిని రెండు వేర్వేరు రోజుల్లో తీసిన రెండు ఎక్స్‌రేలు ఒకదాని మీద ఒకటి పెడితే అచ్చం అలాగే ఉంటాయి. మధ్యలో మనిషి కదిలాడని తెలుస్తుంది.

ఎన్నో రకాలుగా ఆలోచించాను. సుశీల పొరబడి ఉండొచ్చు. మహాంతి గారు ఊహించి ఉండొచ్చు. పైడమ్మ చెప్పిన మాట ఎవరి నోటనో పడి సుశీల చెవిదాకా వచ్చి ఉండొచ్చు. ఏ ఒక్కటి పట్టుకున్నా ఇంకొకటి జారిపోతోంది. అన్నిటికీ సరిపోయే కారణం ఇంతవరకు నాకు దొరకలేదు. ఫోటో ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. రిటైరయ్యాక తీరిక బాగా ఉంది కాబట్టి, పొద్దున ఎండ పడే వేళ దాని ముందు కుర్చీ వేసుకుని కాసేపు కూర్చుంటాను. తడిసిన మెట్లు, ఆవిరి, పైన మసక దీపం. ఇంకేమీ లేదు. అయినా లేచి వెళ్లేటప్పుడు మూడో మెట్టు మీద నా నీడ పడకుండా పక్కకి తప్పుకుని వెళ్తాను. ఎందుకని అడిగితే చెప్పలేను.